గంటసేపు అరమండిలో ఉండే అమ్మాయి డిఫెన్స్‌లో ఎందుకు తడబడుతోంది?

కోస్తాలోని ఓ పట్టణం నుంచి ఒక తండ్రి రాసిన ఉత్తరం ఇది. పేరూ ఊరూ వద్దన్నారు. నాలుగు పేజీలను కుదించి చెబుతున్నాను.

ఆయనకు 43 ఏళ్లు. కాలేజీ రోజుల్లో యూనివర్సిటీ జట్టుకు బాస్కెట్‌బాల్ ఆడారు. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటూనే పొద్దున 5.45 నుంచి 7.15 దాకా కాలనీ సిమెంటు కోర్టులో 14 మంది పిల్లలకు పైసా తీసుకోకుండా ఆట నేర్పుతున్నారు. అందరూ 11 నుంచి 14 ఏళ్ల మధ్య వాళ్లు. అందులో ఆయన కూతురూ ఉంది. పదమూడేళ్లు, ఎనిమిదో తరగతి. నిరుటి దాకా జట్టులో అందరికన్నా చురుగ్గా కదిలే పిల్ల, ఏడాదిలో నాలుగంగుళాలు పెరిగింది. అప్పట్నుంచి డిఫెన్స్‌లో, అంటే ఎదుటివాళ్లను అడ్డుకునేటప్పుడు, కాళ్లు ఒకదానికొకటి తగులుతున్నాయి. పక్కకు జరగబోయి కూలబడుతోంది. ఎదుటి పిల్ల దాటిపోయాక చెయ్యి విసిరి ఫౌల్ చేస్తోంది.

పోయిన నెల స్కూళ్ల మధ్య జరిగిన మ్యాచ్‌లో మూడో క్వార్టర్ ముగిసేలోగా ఐదు ఫౌళ్లూ పూర్తయి బయటికి వచ్చేసింది. ఆయన లెక్క రాసుకున్నారు: ఐదింటిలో మూడు చేత్తో చేసినవే, అదీ ఎదుటి పిల్ల అప్పటికే దాటేశాక. గీత బయట నిలబడి "కాళ్లు! కాళ్లు!" అని తాను అరుస్తూనే ఉన్నారట. "అరిచినప్పుడల్లా నా వైపు చూసేది గానీ కాళ్లు మాత్రం కదిపేది కాదు" అని రాశారు. ఇంటికొచ్చాక నోరు జారారు: "కూచిపూడి క్లాసులో గంటసేపు అరమండిలో ఉంటావు, ఇక్కడ రెండు నిమిషాలు వంగి ఉండలేవా?" (అరమండి అంటే నాట్యంలో మోకాళ్లు పక్కలకు తెరిచి సగం కూర్చున్నట్టు ఉండే భంగిమ.) పోయిన దసరాకు కొనిచ్చిన బూట్లను ఆ రాత్రి మంచం కిందికి తోసేసింది. పది రోజులుగా కోర్టుకు రావడం లేదు. నాన్నతో మాటలు కూడా ముక్తసరిగానే.

"దాన్ని వదిలెయ్యండి, మోకాలి కింద నొప్పంటోంది" అని భార్య. "డిఫెన్స్ ఎవరు చూస్తారండీ, షూటింగ్ నేర్పండి" అని ఇంకో పిల్లాడి తండ్రి. కూతురి లోపం కనపడకుండా జట్టు మొత్తాన్నీ జోన్ డిఫెన్స్‌లోకి (ఒక్కో మనిషిని కాకుండా ఒక్కో చోటును కాపలా కాసే పద్ధతిలోకి) మార్చేద్దామా అని కూడా ఆయన ఆలోచిస్తున్నారు. నేర్పే పద్ధతీ రాశారు: రోజూ రెండు నిమిషాల చొప్పున స్టాన్స్‌లో (డిఫెన్స్‌కు సిద్ధంగా వంగి నిలబడే భంగిమలో) నిలబెట్టడం, కోర్టు వెడల్పునా పదిసార్లు స్లైడ్ (కాళ్లు దాటించకుండా పక్కకు జరగడం) చేయించడం, కాళ్లు దాటిస్తే శిక్షగా ఒక రౌండు బాతు నడక.

"నాది తప్పా? పిల్లను వెనక్కి తెచ్చుకునేదెలా? అసలు కాళ్ల కదలిక నేర్పేదెలా?" ఇవీ ఆయన ప్రశ్నలు.

* * *

ముందు మోకాలి సంగతి. మీ ఉత్తరంలో అది మీ భార్య మాటగా ఒక్క వాక్యంలో వచ్చి వెళ్లిపోయింది. నేను మాత్రం అక్కడే ఆగాను. ఎత్తు తొందరగా పెరిగే వయసులో, గెంతుళ్లూ పరుగులూ ఎక్కువుండే ఆటలు ఆడే పిల్లలకు మోకాలి చిప్పకు కాస్త కింద, ఎముక మీద నొక్కితే నొప్పి పుట్టడం తరచూ చూస్తుంటాం. ఒక్కోసారి చిన్న బొడిపెలా చేతికి తగులుతుంది. డాక్టర్లు దీన్ని ఆస్‌గుడ్ ష్లాటర్ అంటారు. తొడ ముందు కండరం మోకాలి చిప్ప మీదుగా వచ్చి ఆ ఎముకనే పట్టుకుని ఉంటుంది. అక్కడ ఎముక ఇంకా గట్టిపడలేదు. గెంతినప్పుడల్లా, వంగినప్పుడల్లా అక్కడే లాగుతుంది. చాలామందిలో ఎదుగుదల పూర్తయ్యేసరికి తగ్గిపోతుంది. మీ అమ్మాయిది అదేనని నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను, ఎముకల డాక్టరుకు చూపించండి. వాపు ఉన్నా, కుంటుతున్నా, రాత్రి నొప్పికి నిద్ర లేస్తున్నా ఆలస్యం చేయొద్దు. రెండు నిమిషాల స్టాన్స్, బాతు నడక మాత్రం ఇవాళే ఆపేయండి. ఆమెకే కాదు, పద్నాలుగు మందికీ. పీడీగా (వ్యాయామ ఉపాధ్యాయుడిగా) చేరిన కొత్తలో నేనూ బాతు నడక చేయించినవాణ్నే, మా చేత మా సార్లు చేయించారు కాబట్టి. దానివల్ల ఒక్క పిల్లకైనా డిఫెన్స్ వచ్చినట్టు నాకు గుర్తు లేదు.

ఇక తడబాటు. నాలుగంగుళాలంటే పది సెంటీమీటర్లు. ఈ వయసులో ముందు కాళ్లూ చేతులూ పొడుగవుతాయి, నడుము పైభాగం తర్వాత అందుకుంటుంది. కాలు పెరిగింది గానీ ఆ కాలును ఆపే, తిప్పే బలం ఇంకా నిరుటిదే. ఇంత తోస్తే అడుగు ఎక్కడ పడుతుందో నిరుడు ఒంటికి కుదిరిన లెక్క ఇవాళ తప్పుతోంది. ఆడపిల్లల్లో ఈ ఎదుగుదల సాధారణంగా 11, 12 ఏళ్లప్పుడు జోరుగా ఉంటుంది, మగపిల్లల్లో ఇంకో రెండేళ్లు ఆలస్యం. మీ కోర్టులో ఇప్పుడు కుదురుగా కదులుతున్న పన్నెండేళ్ల అబ్బాయిలకూ రేపో మాపో ఈ పాట్లు తప్పవు. మీరు బద్ధకం అనుకున్నది ఇదీ. ఆ పిల్లకు బద్ధకం లేదు, కొత్త కాళ్లు వచ్చాయి.

అరమండి మాట మీరు కోపంలో అన్నా, సగం జవాబు అందులోనే ఉంది. అరమండిలో పాదాలు పక్కలకు తిరుగుతాయి, మోకాళ్లు బయటికి తెరుచుకుంటాయి, వెన్ను నిటారుగా ఉంటుంది, బరువు ఉన్నచోటే కుదురుకుంటుంది. నేల మీద పాతుకుపోయినట్టు ఉండటం దాని అందం. డిఫెన్స్‌లో వంగేది ఉన్నచోటు వదిలి ఎటైనా కదలడానికి. పాదాలు దాదాపు ముందుకే చూడాలి, వెనక స్టూలు ఉందేమోనని తడుముకుంటున్నట్టు తుంటి వెనక్కి వెళ్లాలి, బరువు పాదం ముందుభాగం మీద ఉండాలి. ఏళ్ల తరబడి అరమండి సాధన చేసిన పిల్లను "వంగు" అంటే పాదాలు వాటంతటవే పక్కలకు తిరగొచ్చు. వేళ్లు బయటికి తిరిగిన కాలుతో పక్కకు తోసుకుంటే జోరు రాదు. ఈసారి మోకాళ్లు, పాదాలు ఎటు చూస్తున్నాయో గమనించండి. ఇదే కారణమైతే, మీరు ఎత్తిపొడిచిన విద్యే అడ్డుపడుతోందన్నమాట. అదే విద్య పనికొచ్చే చోటు కూడా ఉంది, దానికి వస్తాను.

స్టాన్స్‌ను చూపించి నిలబెట్టే బదులు పిల్లల్నే వెతుక్కోనివ్వండి. ఉన్నచోటే మూడుసార్లు గెంతమనండి, మూడోసారి చప్పుడు కాకుండా దిగమనండి. అలా మెత్తగా దిగినప్పుడు పాదాలు ఎంత ఎడంగా పడ్డాయో, మోకాళ్లు ఎంత వంగాయో, దాదాపు అదే ఆ పిల్ల స్టాన్స్. పొడుగైన పిల్లకు నిరుటి ఎడం చాలదు, ఇంకాస్త వెడల్పు కావాలి. మడమ కింద ఒక కాగితం పెట్టి లాగితే చిరగకుండా వచ్చేయాలి. మడమ నేలకు తగిలినా బరువు దాని మీద లేదని గుర్తు. ఎదురుగా నిలబడి మోకాళ్లు లోపలికి వాలుతున్నాయేమో చూడండి, ముఖ్యంగా ఆడపిల్లల్లో. గెంతి దిగేటప్పుడు అలా వాలడం మోకాలి లిగమెంటు గాయాలకు దారి. తర్వాత జతలో ఉన్న పిల్ల చెప్పకుండా భుజం మీద మెల్లగా తోయాలి. అడుగు తీయకుండా తట్టుకుంటే బ్యాలెన్స్ ఉన్నట్టు. ఇదంతా పది, పదిహేను సెకన్ల పని. కాళ్లు మండేదాకా నిలబెడితే పిల్లలు నేర్చుకునేది దొంగ స్టాన్స్: మోకాళ్లు నిటారుగా పెట్టి, నడుము మాత్రం వంచి, మోచేతులు తొడల మీద ఆనించుకుని మీ విజిల్ కోసం ఎదురుచూడటం. మీ కోర్టులో కూడా కనీసం ఐదారుగురు అలాగే ఉండి ఉంటారు, పందెం.

పక్కకు జరగడంలో పిల్లలందరూ చేసే తప్పు ఒకటే. ఎడమకు వెళ్లాలంటే ఎడమకాలు బారుగా చాపి, ఒంటిని దాని మీదికి లాక్కుంటారు. కాలు అలా చాపిన క్షణంలో ఎదుటివాళ్లు అటు కాకుండా ఇటు తిరిగితే ఇక అంతే, వెనక్కి తోసుకోవడానికి ఆధారం ఉండదు. నిజానికి ఎడమకు వెళ్లాలంటే పని చేయాల్సింది కుడికాలు. అది నేలను తోస్తే ఎడమకాలు దానంతటదే వెళ్లి పడుతుంది. అందుకే "జరుగు" అనొద్దు, "తొయ్యి" అనండి. నేను ఈ ఒక్క మాట మార్చాక నెల రోజుల్లో తేడా చూశాను. సిమెంటు కోర్టు మీద దీన్ని చెవితో కూడా పట్టుకోవచ్చు. లాగుతుంటే బూటు సర్రున గీసుకుంటుంది. తోస్తుంటే టక్ టక్ అని రెండు దెబ్బలు, వెంటవెంటనే. మీ అమ్మాయికి తాళం తెలుసు. కాళ్లు చూసుకోవడం మానేసి ఆ చప్పుడు వినమనండి. నీళ్ల బిందె ఎత్తుకున్నట్టు తల ఒకే ఎత్తులో సాగాలి. తల ఎగిరెగిరి పడుతోందంటే పాదాలు మధ్యలో కలుసుకుంటున్నాయని అర్థం.

కోర్టు వెడల్పు 15 మీటర్లు. మ్యాచ్‌లో ఒకే వైపు 15 మీటర్లు స్లైడ్ చేసే అవసరం మీకు ఎప్పుడైనా వచ్చిందా? రెండడుగులు, మహా అయితే మూడు, అంతలోనే దిశ మారుతుంది. పదిసార్లు అటూ ఇటూ తిప్పితే ఒళ్లు అలుస్తుంది గానీ, ఆట అడిగే పని అందులో లేదు.

ఇప్పుడు ఆ మూడు ఫౌళ్లు. మీరు లెక్క రాసి పంపడం మంచిదైంది, జవాబు అందులో పట్టుకోగలిగాను. "కాళ్లు దాటించకూడదు" అన్న సూత్రం ఎదుటివాళ్లు మన ముందున్నంత వరకే. వాళ్ల భుజం మన తుంటి పక్కకు వచ్చేసిందంటే స్లైడ్‌తో అందుకోలేం. ఆ వైపు పాదం వెనక్కి వేసి, తుంటి తిప్పి, మామూలుగా కాళ్లు దాటిస్తూ పరిగెత్తి, రెండు మూడు అంగల్లో మళ్లీ ముందుకు చేరి స్టాన్స్‌లోకి రావాలి. మంచి డిఫెండర్లు అందరూ చేసేది ఇదే. మీ కోర్టులో కాళ్లు దాటిస్తే బాతు నడక. పరిగెత్తితే శిక్ష, స్లైడ్‌తో అందదు, ఇక మిగిలింది చెయ్యే. చెయ్యి విసిరింది. ఆ ఫౌళ్లలో సగం మీ ఖాతాలో వేసుకోండి.

నిబంధన గురించి కూడా పిల్లల్లో, కొందరు కోచ్‌లలో ఒక అపోహ ఉంది, డిఫెండర్ బొమ్మలా నిలబడితేనే ఫౌల్ పడదని. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య (ఫిబా) నిబంధన ప్రకారం ఎదుటి ఆటగాడికి ముఖం చూపిస్తూ రెండు పాదాలూ నేల మీద ఆనించి ఒకసారి చోటు సంపాదించుకుంటే చాలు. ఆ తర్వాత ఆ చోటు నిలుపుకోవడానికి పక్కకు, వెనక్కి కదలొచ్చు. కదులుతున్న డిఫెండర్ ఛాతీని వచ్చి గుద్దితే ఫౌల్ గుద్దినవాళ్లదే. ఇది తెలిస్తే పిల్లలు చేతుల మీద కాకుండా కాళ్ల మీద నమ్మకం పెట్టుకుంటారు.

ఎలా నేర్పాలంటారా? మన పిల్లలకు చెడుగుడు ఉంది కదా. కూతకు వచ్చినవాడు కుడికి వంగితే ఇవతలి వరస మొత్తం అటు జరుగుతుంది, వాడు వెనక్కి తిరిగితే ఒక్క దూకుడు. ఆ కదలిక ఏ సారూ గీతల మీద నడిపించి నేర్పలేదు, ఎదుటి ఒంటిని చూస్తూ వచ్చింది. అదే తీసుకురండి. మూడు మీటర్ల వెడల్పున రెండు సుద్ద గీతలు గీయండి. బంతి లేకుండా ఇద్దరు పిల్లలు ఎదురెదురుగా. ఒకరు తప్పించుకోవాలి, ఇంకొకరు ఛాతీకి ఛాతీ ఎదురుగా ఉండాలి. డిఫెండర్ రెండు చేతులతో ఒక కండువా వెనక పట్టుకోవాలి, చెయ్యి విసిరే దారే లేకుండా. కళ్లు ఎదుటివాళ్ల నడుము మీద. తల, భుజాలు, బంతి మోసం చేస్తాయి, నడుము అంత తేలిగ్గా చేయలేదు. ఎనిమిది సెకన్లు ఆట, ఇరవై సెకన్లు విశ్రాంతి. పదిహేను రోజులయ్యాక బంతి ఇవ్వండి, మొదట నడుస్తూ డ్రిబ్లింగ్ (బంతిని నేలకు కొడుతూ సాగడం), తర్వాత వేగంగా. పరుగున వచ్చి రెండడుగుల్లో ఆగి కదలకుండా రెండంకెలు లెక్కపెట్టడం, ఒంటికాలి మీద నిలబడి బంతి విసురుకోవడం, ఇవి వార్మప్‌లో కలిపేయండి. తొంభై నిమిషాల్లో డిఫెన్స్‌కు ఇరవై నిమిషాలు చాలు. పొద్దుటి కోర్టు కాబట్టి ఇంకో మాట: చలికాలంలో మంచుకు సిమెంటు చెమ్మగిల్లుతుంది, దాని మీద సన్నటి ఇసుక ఉంటే మామూలు మనిషికే కాలు జారుతుంది. మొదలుపెట్టే ముందు చీపురు వేయించండి.

జోన్ సంగతి. వేస్తే వచ్చే రెండు మూడు మ్యాచ్‌లు తేలిగ్గా గెలుస్తారు, ఎందుకంటే ఈ వయసు పిల్లలు దూరం నుంచి బుట్టలో వేయలేరు. కానీ చోటు కాపలా కాస్తున్న పిల్లకు మనిషిని ఆపడం రాదు. అమెరికాలో ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ, అక్కడి జాతీయ సంఘం యూఎస్‌ఏ బాస్కెట్‌బాల్ కలిసి ఇచ్చిన మార్గదర్శకాలు 11 ఏళ్ల దాకా జోన్ వద్దంటున్నాయి, కారణం ఇదే. మీ పెద్ద పిల్లలకు వద్దని ఎవరూ అనరు, వాళ్లకు తర్వాత నేర్పొచ్చు కూడా. కూతుర్ని దాచడానికి మాత్రం వేయకండి. ఆమెకు ఆ సంగతి మొదటి రోజే అర్థమైపోతుంది.

ఆ రెండో తండ్రికి చెప్పండి, ఎన్‌బీఏలో డిఫెన్స్‌కు ఏటా విడిగా అవార్డు ఉంది, 1988లో అది మైకేల్ జోర్డాన్‌కు వచ్చింది, ఆ ఏడాది అందరికన్నా ఎక్కువ స్కోరు చేసిందీ ఆయనే. ఇంతకన్నా ఆయనతో వాదన పెట్టుకోకండి. కావాలంటే బయట కూర్చున్న ఒక పిల్లకు కాగితం ఇచ్చి, ఎదుటివాళ్ల చేత డ్రిబ్లింగ్ ఎవరు ఎన్నిసార్లు ఆపించారో గీతలు పెట్టమనండి. మ్యాచ్ అయ్యాక ఆ గీతలు చదివి వినిపిస్తే చూసేవాళ్లు వాళ్లే పుడతారు.

ఇక అసలు చిక్కు. మీ ఉత్తరంలో నేను మళ్లీ మళ్లీ చదివిన వాక్యం "అరిచినప్పుడల్లా నా వైపు చూసేది" అన్నది. ఎదుటి పిల్ల నడుము మీద ఉండాల్సిన కళ్లు మీ మీద ఉన్నాయి. దాటిపోవడానికి అర సెకను చాలు. అది మీరే ఇచ్చారు. పద్నాలుగు మందిలో ఇంకే పిల్ల పేరైనా అన్నిసార్లు అరిచారా? నాన్నే కోచ్ అయినప్పుడు వచ్చే చిక్కు ఇదే. మిగతా పిల్లలు ఏడుంబావుకు కోచ్‌ను వదిలి ఇంటికి వెళతారు. ఈ పిల్ల ఆయనతోనే టిఫిన్ తినాలి.

మీ ముందు కొన్ని దారులున్నాయి. ఒకటి, మాట్లాడి ఇప్పుడే వెనక్కి తీసుకురావడం. మోకాలికి డాక్టరు సరేనంటే ఇది సాధ్యమే. కానీ మీరు మారకుండా ఆమె వస్తే రెండు వారాల్లో బూట్లు మళ్లీ మంచం కిందే. రెండు, ఏమీ అనకుండా వదిలేయడం. కూచిపూడి సాగనివ్వండి, ఆట ఊసు ఎత్తకండి. కొందరు పిల్లలు నెలా రెండు నెలలకు వాళ్లంతట వాళ్లే వస్తారు. కొందరు రారు. రాకపోతే భరించగలరా, ముందే ఆలోచించుకోండి. వదిలేశానంటూ రోజూ తెల్లారి గుమ్మం దగ్గర నిలబడి చూస్తే అది వదిలేసినట్టు కాదు. మూడు, ఆమె శిక్షణను ఇంకొకరికి అప్పగించడం. స్కూల్లో పీఈటీ ఉంటే ఆయనకో ఆమెకో, లేదా మీతో ఆడిన పాత మిత్రులెవరికైనా. దీనికి మీ అహం కొంచెం ఖర్చవుతుంది. వాళ్లు మీ అంత బాగా నేర్పకపోవచ్చు, మీరు చూస్తూ పళ్లు కొరుక్కోవాల్సి వస్తుంది. ఇంట్లో మాత్రం నాన్న నాన్నగా మిగులుతారు. నాలుగు, మీరే నేర్పండి గానీ హద్దులు ఆమెనే పెట్టమనండి: బంతి ఆటలో ఉండగా అరవకూడదు, గేటు దాటాక ఆట మాట ఎత్తకూడదు, ఇలాంటివి. తప్పితే జరిమానా ఏమిటో కూడా తనే చెప్పాలి. హద్దు ఒక్కసారి మీరు దాటినా ఈ దారి మూసుకుపోతుంది.

నన్నడిగితే ముందు రెండు నెలలు మూడోది, తర్వాత ఆమె ఒప్పుకుంటే నాలుగోది. కానీ మీ ఇల్లు మీకు తెలుసు. ఏది ఎంచుకున్నా ముందు ఒక పని మిగిలే ఉంది: అరమండి మాట తప్పని ఆమెకు చెప్పడం. "నువ్వు పెరిగావు, నేను గమనించలేదు" అంటే చాలు. దాని వెనకే "కానీ నువ్వు కూడా..." అని మొదలుపెట్టకండి.

ఇంకొకటి. ఆ బూట్లు దసరావి అన్నారు. మంచం కింద నుంచి తీసి లోపల అట్ట బయటికి లాగి చూడండి, వేళ్ల గుర్తులు అంచు దాకా వచ్చాయేమో. నాలుగంగుళాలు పెరిగిన పిల్ల పాదం అక్కడే ఆగి ఉండదు. ఇరుకైన బూట్లలో ఎవరి కాలైనా తడబడుతుంది. కొత్తవి కొనాలంటే ఆమెను వెంటబెట్టుకుని వెళ్లండి. ఆడటానికని చెప్పకండి, పాతవి బిగుతయ్యాయని చెప్పండి.